తిండి మానేసిన బాల్ పైథాన్: గాజు పెట్టెలోంచి దానికి ఏం తెలుస్తుంది?

నేను టెక్సాస్‌లో పశువైద్యురాలిని. కుక్కలు, పిల్లులతో పాటు పాములు, బల్లులు, తాబేళ్లు కూడా నా దగ్గరికి వస్తాయి. ఇక్కడ రాస్తున్నది ఒక తెలుగు కుటుంబం పెంచుకుంటున్న బాల్ పైథాన్ కేసు. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, పేర్లు, వాళ్లను గుర్తుపట్టగలిగే వివరాలు ఏవీ ఇవ్వలేదు. జబ్బు పరంగా చూస్తే ఇందులో కొత్తేమీ లేదు. బాల్ పైథాన్లు తిండి మానేయడం మేం తరచూ చూసే సమస్యే. కానీ ఈ పాము విషయంలో అసలు కారణం దొరకడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. పైగా మొదట్లో నేనిచ్చిన ఒక సలహా వల్లే సమస్య ముదిరింది. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ పాము గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో ఉండే చిన్న కొండచిలువ. మామూలుగా నాలుగైదు అడుగులకు మించి పెరగదు. విషం లేదు. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుని రాత్రి బయటికి వస్తుంది. పెంపకంలో 20, 30 ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో ఇళ్లలో పెంచే పాముల్లో ఇది బాగా మామూలైనది. మన దేశంలో మాత్రం నాగుపాము, కొండచిలువ లాంటి మన పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది చదివి ఎవరూ ఆ పని చేయకండి.

నేపథ్యం

పాము ఆడది, నాలుగేళ్లది. పెంచుతున్నది హైస్కూల్లో చేరబోయే అబ్బాయి. పామును చాలా శ్రద్ధగా చూసుకునే పిల్లవాడు. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, బరువెంత, అన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసి పెట్టుకున్నాడు. ఆ నోట్‌బుక్ లేకపోతే ఈ కేసు తేలేది కాదు.

మొదటి మూడున్నరేళ్లు పాము మేడ మీద అబ్బాయి గదిలో ఒక ప్లాస్టిక్ టబ్‌లో ఉండేది. పక్కలు మసకగా ఉండి, పైన గట్టి మూత ఉన్న టబ్ అది. ఆ రోజుల్లో రెండు వారాలకొకసారి ఇచ్చిన ఎలుకను ఇచ్చినట్టే తినేసింది. పాముకు ఇంకా మంచి ఇల్లు ఇవ్వాలని సెప్టెంబరులో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న గాజు ట్యాంక్ కొన్నారు. పైన ఇనుప జాలీ మూత. అంత పెద్దది మేడ మీదికి ఎక్కించలేక కింద హాల్లో, టీవీకి కాస్త పక్కగా పెట్టారు.

వచ్చిన సమస్య

అక్టోబరు రెండో వారం నుంచి పాము ఎలుకను ముట్టుకోలేదు. నా దగ్గరికి జనవరి చివర్లో తెచ్చారు. బరువు 1,520 గ్రాముల నుంచి 1,410కి దిగింది.

ఇక్కడ కంగారు పడకూడదు. పెద్ద బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉండటం కొత్త కాదు. బరువు తగ్గుదల పది శాతం దాటనంతవరకు, ఒంట్లో కండ ఉన్నంతవరకు నేను గొట్టంతో తిండి పెట్టే ప్రయత్నం చేయను. ఆ పని పామును ఇంకా భయపెడుతుంది. ఇలాంటి కేసు వచ్చినప్పుడు నేను మూడు ప్రశ్నలు వరుసగా వేసుకుంటాను: జబ్బా, చలా, భయమా? ఈ వరుసకు కారణం ఉంది. జబ్బయితే ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. చలిని థర్మామీటరుతో కొలవొచ్చు. భయాన్ని కొలిచే పరికరం లేదు కాబట్టి అది చివరికి మిగిలిపోతుంది.

జబ్బు లక్షణాలేవీ దొరకలేదు. నోరు శుభ్రంగా ఉంది, ఊపిరి తీస్తే చప్పుడు లేదు, పొలుసుల కింద పేలు లేవు, మల పరీక్షలో పురుగులు లేవు. పైథాన్లలో ఊపిరితిత్తులను దెబ్బతీసే నిడోవైరస్ కోసం గొంతు స్వాబ్ పంపాను, నెగటివ్ వచ్చింది.

చలి మాత్రం స్పష్టంగా కనిపించింది. ట్యాంక్ కింద హీట్ మ్యాట్ ఉంది, కానీ దాని మీద మూడంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిచారు. వేడి పైకి రావడం లేదు. వెచ్చగా ఉండాల్సిన వైపు 27 డిగ్రీల సెల్సియస్ ఉంది, రాత్రి రెండో వైపు 21కి పడిపోతోంది. ఈ పాముకు వెచ్చని వైపు 31 నుంచి 33, చల్లని వైపు 25 నుంచి 27 ఉండాలి. ఒంట్లో వేడి లేకపోతే పాముకు తిన్నది అరగదు, తినాలనీ అనిపించదు. అందుకని హీట్ మ్యాట్ తీసేసి, సిరామిక్ హీటర్‌ను థర్మోస్టాట్‌తో పెట్టమన్నాను. వెలుతురు ఇవ్వదు కాబట్టి రాత్రిపూట ఇబ్బంది ఉండదు. లోపల పెడితే పాము చుట్టుకుని కాల్చుకుంటుంది కాబట్టి జాలీ మూత పైన పెట్టమన్నాను. దాక్కోవడానికి గూడు ఒక్కటే ఉంది. రెండోది పెట్టించాను.

ఆ రోజు ఇంకో ప్రశ్న కూడా అడిగాను. ఇంట్లో వేరే జంతువులున్నాయా అని.

"ఒక పిల్లి ఉంది ఆంటీ. కానీ అది పామును అసలు పట్టించుకోదు" అన్నాడు అబ్బాయి.

నేను "పిల్లి ఉంది, సమస్య లేదు" అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

పనిచేయనివి

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. వేడి సరిపోయింది, 32, 26. కానీ పాము తినలేదు. పైగా కొత్తగా ముక్కు మీది పొలుసు గీరుకుపోయి ఎర్రగా ఉంది. రాత్రంతా తిరుగుతోందని, పొద్దున్నే ముక్కు మీద కొత్త గీత ఉంటోందని వాళ్లమ్మ చెప్పారు. బరువు 1,390.

తినని పాము వేరు, పారిపోవాలని చూసే పాము వేరు. ముక్కు గీరుకుపోయిందంటే ఇది రెండో రకం. అంటే మిగిలింది భయమే. దేనికి భయపడుతోంది? నాకు తట్టిన జవాబు గాజు. మసక టబ్‌లో ఉన్నదాన్ని నాలుగు వైపులా గాజున్న ట్యాంక్‌లోకి మార్చారు. హాల్లో మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు. బాల్ పైథాన్ కంటి లోపలి తెర (రెటీనా)లో ఎక్కువ భాగం చీకట్లో పనికొచ్చే రాడ్ కణాలే. వెలుతురులో రంగులు గుర్తించే కోన్ కణాలు రెండు రకాలు, వాటిలో ఒకటి అతినీలలోహిత కాంతికి స్పందిస్తుంది. వస్తువుల సూక్ష్మ వివరాలు దానికి సరిగా ఆనవు కానీ కదలిక బాగా తెలుస్తుంది. పక్కన పెద్ద ఆకారం కదిలితే దాని లెక్కలో అది తనను తినే జంతువు కావచ్చు.

మూడు పక్కలకూ నల్ల కాగితం అంటించమన్నాను. లోపల ప్లాస్టిక్ ఆకులు, బెరడు ముక్కలు దట్టంగా పెట్టించాను. దీనివల్ల కొంత మేలు జరిగింది, పగలు గూటి నుంచి తల బయటికి పెట్టి పడుకోవడం మొదలుపెట్టింది. ముక్కు గీతలు మాత్రం ఆగలేదు. తిండీ ముట్టలేదు.

ఇక్కడ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు: ఏ మూల ముక్కు రుద్దుతోంది? అబ్బాయి నోట్‌బుక్‌లో ఆ వివరం ఉంది. ప్రతిసారీ ఒకే మూల, హీటర్‌కు బాగా దూరంగా ఉన్న పై మూల. అది నేను చదివింది రెండు నెలల తర్వాత.

తర్వాత కంపనాల మీద అనుమానం వచ్చింది. పాముకు చెవులు లేవని మనందరికీ చెబుతారు. కంటితోనే వింటుందని నమ్మి పెద్దలు దానికి చక్షుశ్రవం అని పేరు కూడా పెట్టారు. బయటికి కనిపించే చెవి లేదు, కర్ణభేరి లేదు. అంతవరకు నిజం. కానీ లోపలి చెవి ఉంది. దాని నుంచి ఒక సన్నని ఎముక వచ్చి కింది దవడను మోసే ఎముకకు అతుక్కుని ఉంటుంది. పాము దవడ నేలకు ఆనించి పడుకున్నప్పుడు నేల అదురు ఆ దారిలో చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే శబ్దమూ కొంత తెలుస్తుంది, అయితే అది తల ఎముకలను కదిపితేనే. 2012లో బాల్ పైథాన్ల మీదే చేసిన ఒక పరిశోధనలో అవి 80 నుంచి 160 హెర్ట్జ్ మధ్య ఉండే కింది స్థాయి శబ్దాలను అన్నిటికంటే బాగా పట్టుకుంటాయని తేలింది. పాములవాడి నాగస్వరానికి పడగ ఊగేది రాగం విని కాదు, కళ్ల ముందు ఊగుతున్న బూరను గమనిస్తూ. కానీ తెలుగు సినిమా పాటలో డప్పు దరువు మాత్రం పాముకు నిజంగానే తెలుస్తుంది.

ఈ ఇంట్లో ట్యాంక్‌కు నాలుగడుగుల దూరంలో సబ్‌వూఫర్ ఉంది. సబ్‌వూఫర్ పలికేది సరిగ్గా ఆ కింది స్థాయి శబ్దాలనే. అమెరికా ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేములే, నేల కూడా అదురును మోస్తుంది. ట్యాంక్ పక్కన, అదే స్టాండు మీద గిన్నెతో నీళ్లు పెట్టి పాట వేసి చూడమన్నాను. నీళ్ల మీద అలలు వచ్చాయని అబ్బాయి వీడియో పంపాడు. మార్చి మొదటి వారంలో సబ్‌వూఫర్ తీసేశారు, స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టారు. రెండో వారంలో పాము ఒక ఎలుకను తిన్నది.

ఐదు నెలల తర్వాత మొదటి తిండి! అబ్బాయి ఫోన్‌లో మాట్లాడుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. కేసు తేలిపోయిందనుకున్నాను. తర్వాత పది రోజులకొకసారి మూడుసార్లు ఎలుకను ఇచ్చారు. మూడుసార్లూ వద్దంది. ముక్కు గీతలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ ఒక్క పూట ఎందుకు తిన్నది? ఇప్పుడు నాకు తెలుసు. సరిగ్గా అదే వారంలో పిల్లికి ఆపరేషన్ అయింది. కుట్లు మానేదాకా ఎనిమిది రోజులు దాన్ని మేడ మీద బాత్రూమ్‌లో ఉంచారు. సబ్‌వూఫర్ తీయడం, పిల్లి లేకపోవడం, రెండూ ఒకే వారంలో జరిగాయి. నాకు తెలిసింది ఒకటే కాబట్టి ఫలితాన్ని దానికే కట్టేశాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం

ఇక క్లినిక్‌లో కూర్చుని లాభం లేదనిపించి వాళ్లింటికి వెళ్లాను. వెంట వేడిని బొమ్మగా చూపించే థర్మల్ కెమెరా తీసుకెళ్లాను. ట్యాంక్‌లో ఎక్కడైనా చల్లని గాలి దూరుతోందేమో చూద్దామని మాత్రమే.

అబ్బాయి సరదాగా ట్యాంక్ వెనక చెయ్యి పెట్టి, ఇది కనిపిస్తోందా ఆంటీ అన్నాడు. నల్ల కాగితం ఒక చోట ఊడింది, గాజులోంచి నా కంటికి చెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది. కెమెరా తెరమీద మాత్రం చెయ్యి లేదు. గాజు ఒకే రంగు గోడలా ఉంది. దాని మీద నా ముఖం నీడ మాత్రం మసకగా పడింది. తర్వాత చేతిని తీసి పైన జాలీ మీద పెట్టమన్నాను. కెమెరాను ట్యాంక్ లోపలికి దించి, కింద నుంచి పైకి చూపించాను. ఐదు వేళ్లూ కనిపించాయి, జల్లెడలోంచి చూసినట్టు.

గాజు గుణం నాకు తెలియనిది కాదు. వెచ్చని శరీరాల నుంచి వచ్చే పరారుణ కిరణాలు 8 నుంచి 12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో అన్నిటికంటే బలంగా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు గాజు 4, 5 మైక్రాన్లు దాటితే వెళ్లనివ్వదు. చదువుకున్న విషయమే. కానీ పాము ట్యాంక్‌లో తలపెట్టి ఆ తెర చూసేదాకా దాన్ని ఈ కేసుకు అన్వయించలేదు.

బాల్ పైథాన్ పై పెదవి అంచున వరసగా చిన్న గుంటలుంటాయి. అవి వేడిని పసిగట్టే అవయవాలు. తోకను గిలకలా మోగించే అమెరికా విషసర్పం రాటిల్‌స్నేక్ లాంటి పాములకు కన్నుకూ ముక్కుకూ మధ్య ఒక్కో పక్క ఒక్కో గుంట ఉంటుంది, వాటి గుంటలు ఇంకా సున్నితం. ఈ గుంటల్లోని నరాల చివర్లలో వేడిని గుర్తించేది టీఆర్‌పీఏ1 అనే ప్రోటీన్ అని 2010లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. వేడి, స్పర్శ మనకెలా తెలుస్తాయన్న పరిశోధనకు 2021లో ఆయన నోబెల్ పంచుకున్నారు. మన ఒంట్లో అదే ప్రోటీన్ ఆవఘాటుకు మండుతుంది. గుంటల నుంచి వచ్చే సమాచారం, కంటి నుంచి వచ్చేది మెదడులో ఒకే చోట కలుస్తాయని రాటిల్‌స్నేక్‌ల మీద 1978లోనే చూపించారు. అంటే పాము చూపులోనే వేడి కూడా భాగం. మనకు పచ్చదనం ఎలాగో దానికి వెచ్చదనం అలాగ.

అయితే నాలుగు పక్కలా గాజున్న ఈ ట్యాంక్‌లో ఆ పాముకు ఎలాంటి ప్రపంచం ఉంది? పక్కల నుంచి మనుషులు కదలడం కనిపిస్తుంది, కానీ వాళ్లకు వేడి లేదు, వాసన కూడా దాదాపు లేదు. వేడి గానీ వాసన గానీ లోపలికి వచ్చేది ఒక్క పైనుంచే. మేం రెండు నెలలుగా దాని గోడలకు కాగితాలు అంటిస్తున్నాం. అది చూస్తున్నది కప్పు వైపు.

నేను ఇదంతా అబ్బాయికి చెబుతుంటే సోఫాలో కూర్చున్న మామ్మగారు వింటున్నారు. ఆవిడ కోస్తా నుంచి వచ్చి అప్పటికి పది రోజులే అయింది.

"పైనుంచి అంటే ఆ పిల్లి సంగతేనా తల్లీ నువ్వనేది?" అన్నారు.

"ఏ పిల్లి సంగతి మామ్మగారూ?"

"నాకు ఈ దేశం టైము ఇంకా ఒంటికి పట్టలేదమ్మా, రాత్రి రెండింటికి, మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. మంచినీళ్లకని వంటింట్లోకి వస్తే ఎప్పుడు చూసినా ఆ పిల్లి దీని నెత్తి మీదే పడుకుని ఉంటోంది. ఇది కింద నుంచి మెడ వంచి పైకే చూస్తూ ఉంటుంది. నాకైతే గుండె ఝల్లుమంటుంది."

అబ్బాయి వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూశారు. పిల్లి పామును పట్టించుకోదన్నది వాళ్లు చెప్పిన అబద్ధం కాదు. పిల్లికి కావలసింది పాము కాదు, వెచ్చని చోటు. జనవరిలో నేను పెట్టించిన సిరామిక్ హీటర్ పక్కన జాలీ గోరువెచ్చగా ఉంటుంది. ఇల్లంతా నిద్రపోయాక పిల్లికి అంతకంటే మంచి పడక ఏముంటుంది? బాల్ పైథాన్ మేలుకుని తిరిగే వేళ కూడా అదే.

నిర్ధారణ

మామ్మగారి మాట మీద నాకు నమ్మకం కుదిరింది కానీ, మార్చిలో చేసిన పొరపాటు మళ్లీ చేయదలుచుకోలేదు. ఏమీ మార్చకుండా ముందు చూడాలి. చీకట్లో పనిచేసే చిన్న కెమెరా ఒకటి ట్యాంక్ ఎదురుగా నాలుగు రాత్రులు పెట్టమన్నాను.

నాలుగు రాత్రులూ పిల్లి వచ్చింది. ఒంటిగంటకూ ఐదింటికీ మధ్య వచ్చి, కనీసం రెండు గంటలు పడుకుంది. ఎక్కేటప్పుడు దూకుతుంది, ఆ దెబ్బకు మూత అదిరి పాము టక్కున ఆగిపోతుంది. తర్వాత నాలుక గబగబా ఆడిస్తుంది. అది భయంతో చేసే చేష్ట కాదు, సమాచారం పోగేసే పని. చీలిన నాలుక రెండు కొనలకు అంటిన వాసన కణాలు నోటి పైకప్పులోని జాకబ్‌సన్ అవయవానికి చేరతాయి. ఏ కొనకు ఎక్కువ అంటిందన్న తేడాతో వాసన ఏ పక్క నుంచి వస్తోందో తేల్చుకుంటుంది. ఆపైన మెడను ఎస్ ఆకారంలో వంచి, తల పైకెత్తి ఉండిపోతుంది. మూడో రాత్రి నలభై నిమిషాలు అలాగే ఉంది. పిల్లి దిగిపోయాక హీటర్‌కు దూరంగా ఉన్న పై మూలకు వెళ్లి ముక్కుతో తోయడం మొదలుపెడుతుంది.

ఇది చూశాక, మనుషులకు అలవాటు పడగల పాము పిల్లికి ఎందుకు అలవాటు పడలేదో అర్థమైంది. మనిషి దానికి గాజు అవతల కంటికి మాత్రమే తెలిసే ఆకారం. పిల్లి దవడకు అదురుగా వస్తుంది, గుంటలకు తన తలకంటే ఎన్నో రెట్లు పెద్ద వేడి ముద్దగా కనిపిస్తుంది, నాలుకకు మాంసాహారి వాసనగా తగులుతుంది. మూడు జ్ఞానాలూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి. అదీ నెత్తి మీద, ఒక అడుగు దూరంలో. అడవిలో ఈ పామును తినే గద్దలు, జంతువులు కూడా దాని మీదికి వచ్చేది పైనుంచే. ఆ వేడి ముద్దకు ఎదురుగా నలభై నిమిషాలు ఉన్న పాముకు ఎలుక కనిపిస్తే ఆకలి ఎలా వేస్తుంది?

పనిచేసినవి

మొదట అనుకున్నది జాలీ మూతను పూర్తిగా మూసేయడం. వద్దన్నాను. సిరామిక్ హీటర్ చుట్టూ మూస్తే మంటలంటుకునే ప్రమాదం, పైగా దూకిన అదురు ఆగదు. పిల్లిని రాత్రి బంధించడం ఇంకో దారి. ఆ ఇంట్లో హాలుకు తలుపులు లేవు, ఏదో ఒక రాత్రి మర్చిపోతారు. చివరికి ట్యాంక్‌నే తలుపున్న చిన్న ఆఫీసు గదిలోకి మార్చారు. పిల్లికి కిటికీ దగ్గర వెచ్చని పరుపు కొన్నారు. ఇది ముఖ్యం. వెచ్చదనం వేరే చోట దొరక్కపోతే పిల్లి ఆ తలుపు దగ్గరే కాపు కాస్తుంది.

గది మార్చాక పన్నెండు రోజులు తిండి ఇవ్వొద్దన్నాను. అబ్బాయికి అది కష్టంగా ఉంది. బరువు అప్పటికి 1,372 గ్రాములు, నా పది శాతం గీతకు దగ్గరలో ఉంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ భయంలో ఉన్న పాము ముందు మళ్లీ మళ్లీ ఎలుకను ఆడిస్తే ఆ ఎలుక కూడా భయంలో భాగమైపోతుంది. ఆ పన్నెండు రోజుల్లో ఆరో రోజు తర్వాత ముక్కు గీతలు రాలేదు. ఆగమన్నది సరైన నిర్ణయమేనని నాకు ధైర్యం ఇచ్చింది అదే.

ఎలుకను ఇచ్చే తీరు కూడా మార్చాం, దీని గురించి కాస్త చెప్పాలి. అబ్బాయి ఫ్రీజర్‌లోని ఎలుకను కరిగించి, గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వెచ్చని వైపున హీటర్ కింద చిన్న పటకారతో అందించేవాడు. ఇందులో మూడు చిక్కులున్నాయి. పాము గుంటలు చూసేది వేడిని కాదు, వేడిలో తేడాను. హీటర్ కింద 32 డిగ్రీల నేల మీద 32 డిగ్రీల ఎలుక ఉంటే దానికి అక్కడ ఎలుకే లేదు. నీళ్లలోంచి తీసిన తడి బొచ్చు నిమిషంలో చల్లారిపోతుంది. పటకార పొట్టిది కాబట్టి ఆ వెనకే 33 డిగ్రీల మనిషి చెయ్యి ఎలుకకంటే పెద్దగా, స్పష్టంగా వెలుగుతుంటుంది. రెండుసార్లు పాము చేతి వైపు తల తిప్పిందని నోట్‌బుక్‌లో ఉంది, అబ్బాయి దాన్ని కోపం అనుకున్నాడు.

ఇప్పుడు ఎలుకను ప్లాస్టిక్ సంచిలో పెట్టి పొడిగా వేడి చేయడం, ఇచ్చే ముందు తలకు హెయిర్ డ్రయ్యర్ పట్టి 38, 40 డిగ్రీలకు తేవడం, చల్లని వైపున, దీపాలార్పి, పదహారంగుళాల పటకారతో ఇవ్వడం మొదలుపెట్టాం. మే మొదటి వారంలో మొదటి ప్రయత్నంలో వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. ఐదు రోజుల తర్వాత రెండో ప్రయత్నంలో తీసుకుంది. ఆ తర్వాత రెండు వారాలకొకటి.

నా మనసులో ఒక అనుమానం అప్పటికీ ఉంది. వసంతం వచ్చాక బాల్ పైథాన్లు వాటంతట అవే తిండికి వస్తాయి. మేం చేసినదాని వల్ల తిన్నదా, రుతువు మారిందని తిన్నదా? జూన్‌లో ఇంటికి చుట్టాలు వచ్చారు. ఆఫీసు గది తలుపు రెండు రాత్రులు తెరిచే ఉండిపోయింది. పిల్లి జాలీ ఎక్కింది. నాలుగు రోజుల తర్వాత ఇచ్చిన ఎలుకను పాము తినలేదు, ముక్కు మీద మళ్లీ గీత వచ్చింది. కుబుసం విడిచి పద్దెనిమిది రోజులే అయింది కాబట్టి కుబుసం ముందు వచ్చే అరుచి కాదు. వేడిమి మారలేదు. తలుపు మూసిన రెండు వారాలకు మళ్లీ తిన్నది. కావాలని చేసిన పరీక్ష కాదు, చేయమని నేను చెప్పేదాన్నీ కాదు. కానీ పిల్లి, ముక్కు గీత కలిసి రావడం కలిసి పోవడం రుతువుతో ముడిపడిన విషయం కాదని దాంతో నాకు నమ్మకం కుదిరింది. తిండి విషయంలో రుతువుకూ కొంత వాటా ఉండే ఉంటుంది.

నేర్చుకున్నవి

చలికి నేను చేసిన వైద్యం తప్పు కాదు. ఆ వేడి అవసరమే. తప్పంతా ఒక కొత్త వస్తువును పాము పైన పెట్టించి, ఆ వస్తువు ఇంట్లో మిగతావాళ్లను ఎలా మారుస్తుందో ఆలోచించకపోవడంలో ఉంది. ఇప్పుడు హీటర్ మార్చమన్న ప్రతిసారీ, ఆ ఇంట్లో పిల్లి ఉంటే మూత మీద పడుకోకుండా ఏం చేస్తారో కూడా అడుగుతాను.

ఒకసారి ఒకే మార్పు చేయాలన్నది మాకు చదువులోనే చెబుతారు. నేను ఒక్కటే మార్చాను కూడా. కానీ ఇంట్లో నేను చేయని మార్పులు ఆ వారంలో ఏమేం జరిగాయని అడగలేదు. అందుకే ఇప్పుడు పాము తిన్నదని ఫోన్ వచ్చినప్పుడు కూడా, తినలేదన్నప్పుడు అడిగే ప్రశ్నలే అడుగుతున్నాను: ఎవరు ఊరెళ్లారు, ఎవరు వచ్చారు, ఏ తలుపు మూసి ఉంది, ఏ జంతువు ఎక్కడ పడుకుంది.

కొత్త కేసుల ఫారంలో మూడు ప్రశ్నలు కలిపాను. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఆ గదిలో ఎవరెవరు తిరుగుతారు? పాము ముక్కు రుద్దే మూల ఏది? పెట్టెకు జాలీ ఏ వైపు ఉంది, అక్కడి నుంచి వెచ్చగా కనిపించేవి ఏమిటి? మూడో ప్రశ్నకు జవాబు వాళ్లకు తెలియకపోతే థర్మల్ కెమెరా తీసుకెళ్లమని ఇస్తున్నాను. ట్యాంక్ లోపల, పాము తల ఎత్తులో కెమెరా పెట్టి నాలుగు వైపులూ పైకీ ఫొటోలు తీయాలి. ఆ ఫొటోలు, మామూలు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. అక్వేరియంలో పెంచే చాలామందికి ఆ రోజే తెలుస్తుంది, వాళ్లు అందంగా అలంకరించిన గాజు ముందు పాము ఎందుకు పడుకోదో.

ఆగస్టులో వాళ్లు ట్యాంక్‌ను తీసేసి పైన గట్టి కప్పు, ముందు జరిగే గాజు తలుపులున్న పీవీసీ ఎన్‌క్లోజర్ కొన్నారు. వేడికి లోపల కప్పుకు బిగించే, పాము చుట్టుకోవడానికి వీలులేని చదునైన ప్యానెల్ పెట్టించాం, గాలికి పక్కల సన్నని చీలికలున్నాయి. సెప్టెంబరులో చూసేసరికి బరువు 1,540 గ్రాములు. రెండు కుబుసాలు విడిచాక ముక్కు మీది పొలుసు దాదాపుగా మామూలుగా వచ్చింది, ఒక అంచున చిన్న మచ్చ మాత్రం మిగిలింది. అబ్బాయి నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒక కొత్త గడి ఉంది. ఆ రాత్రి తలుపు మూశారా లేదా అని అందులో రోజూ టిక్ పెడుతున్నాడు.